నేర్పితే నేరం

మా పెదనాన్నగారి అబ్బాయి చైనాలో, గ్వాంగ్‌జౌలో మెడిసిన్ చదువుతున్నాడు. ఆదివారం వీడియో కాల్‌లో మా పెద్దమ్మ అడిగే మొదటి ప్రశ్న, ఏం తిన్నావురా అని. రెండోది, భాష వచ్చిందా అని. మొదటిదానికి అన్నయ్య సమాధానం వారానికోలా ఉంటుంది. రెండోదానికి మాత్రం మూడేళ్ళుగా ఒకటే సమాధానం. వస్తోంది.

అన్నయ్యనీ అనడానికి లేదు. షాపులో ప్యాకెట్ మీద ఫోన్ కెమెరా పెడితే అది ఉప్పో పంచదారో ఫోనే చెప్పేస్తుంది. క్లాసులేమో ఇంగ్లిష్‌లో. ఇంక భాషతో పనేంటి అనుకున్నాడు. తీరా హాస్పిటల్ పోస్టింగులు దగ్గరికొచ్చేసరికి అసలు సంగతి అర్థమైంది. పేషెంట్లు ఇంగ్లిష్‌లో మూలగరు కదా. దానికి హెచ్‌ఎస్‌కే అని ఒక చైనీస్ పరీక్ష ఉంది, అందులో నాలుగో లెవెల్ పాసవ్వాలి. మొన్న రాశాడు, పోయింది.

అన్నయ్యని ఏడిపిద్దామని, ఫోన్లు లేని రోజుల్లో అదే ఊళ్ళో విదేశీయులు ఎలా బతికేవారో వెతకడం మొదలుపెట్టాను. అలా దొరికాడు రాబర్ట్ మోరిసన్. దొరికాక ఏడిపించడం మర్చిపోయాను.

చైనా చరిత్ర చదివేవాళ్ళకి ఈయన బాగా తెలిసిన పేరు. మొట్టమొదటి చైనీస్-ఇంగ్లిష్ నిఘంటువు రాసి అచ్చువేయించినవాడు. మనకి తెలియకపోయినా మన ఊరితో దూరపు చుట్టరికం ఉంది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ అనే క్రైస్తవ సంస్థ జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరిని విశాఖపట్నం పంపింది. ఇక్కడ వాళ్ళు తెలుగు నేర్చుకున్నారు, బడి పెట్టారు, ఆనందరాయర్ అనే ఆయన సాయంతో బైబిల్ భాగాలు తెలుగు చేయడం మొదలుపెట్టారు. 1810 అయ్యేసరికి ఇద్దరూ చనిపోయారు. అదే సంస్థ 1807లో చైనాకి పంపింది మోరిసన్‌ని. ఇక్కడివాళ్ళు తెలుగు నేర్చుకోవడానికి దొంగచాటు అక్కర్లేకపోయింది. మోరిసన్ వెళ్ళిన ఊళ్ళో మాత్రం పరాయివాడికి భాష నేర్పినవాడి తల పోయే చట్టం ఉంది.

రాబర్ట్ 1782 జనవరి 5న ఇంగ్లండ్ ఉత్తరాన మోర్పెత్ ఊళ్ళో పుట్టాడు. మూడేళ్ళ వయసులో కుటుంబం న్యూకాజిల్‌కి మారింది. తండ్రి బూట్లు కుట్టేవాళ్ళు వాడే చెక్క అచ్చులు చేసేవాడు. కొడుకునీ అదే పనిలో పెట్టాడు. రోజుకి పన్నెండు గంటల పైన పని, ఎదురుగా తెరిచిన పుస్తకం. రాత్రి చదువుకోవడానికి మంచాన్ని కూడా వర్క్‌షాపులోకే మార్చుకున్నాడు. పందొమ్మిదేళ్ళకి లాటిన్ మొదలుపెట్టాడు. నా వయసు అన్నమాట. నేను ఈ వయసులో మొదలుపెట్టినవి చాలా ఉన్నాయి, పూర్తిచేసినవి అడగొద్దు. చెక్కపని చేసేవాడికి లాటిన్ దేనికి అని అప్పట్లో ఎవరికైనా అనిపించి ఉండాలి. అది ఎక్కడ పనికొచ్చిందో ముందు చెప్తా.

చైనాకి వెళ్ళాలని తేలాక లండన్‌లో చైనీస్ నేర్పేవాళ్ళ కోసం వెతికితే గ్వాంగ్‌జౌ నుంచి వచ్చిన యోంగ్ శామ్‌తక్ అనే యువకుడు దొరికాడు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటూ చదివేవారు. ఒకరోజు యోంగ్ కాగితం మీద రాసిచ్చిన అక్షరాల్ని మోరిసన్ బట్టీపట్టేసి, ఇంక పనైపోయింది కదా అని కాగితాన్ని నిప్పుల్లో పడేశాడు. యోంగ్‌కి ఎంత కోపమొచ్చిందంటే మూడు రోజులు పాఠం చెప్పలేదు. ఆ తర్వాత కాగితం ఇవ్వడం మానేసి, తుడిస్తే పోయేలా రేకు మీద రాసి చూపించాడట.

ఇంగ్లండ్‌లో ఎవరికైనా ఈ కోపం వింతగానే ఉండేది. మనకి వింతేముంది? పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకునేవాళ్ళం. సెమిస్టర్ అంతా ముట్టుకోని టెక్స్ట్‌బుక్‌ని కూడా కళ్ళకద్దుకుంటాం, అది వేరే విషయం. యోంగ్ దేశంలోనూ రాసిన అక్షరాన్ని తొక్కకూడదు, చెత్తలో వెయ్యకూడదు. మోరిసన్‌కి మొదటి చైనీస్ పాఠం ఈ మూడు రోజుల మౌనమే అనిపిస్తుంది నాకు.

బ్రిటిష్ మ్యూజియంలో ఎవరో పాతకాలపు మిషనరీ చేసిన చైనీస్ బైబిల్ అనువాదం రాతప్రతి ఉంటే, యోంగ్ సాయంతో దాన్ని నకలు తీసుకున్నాడు. ఒక లాటిన్-చైనీస్ నిఘంటువు రాతప్రతినీ అలాగే చేత్తో ఎక్కించుకున్నాడు. ఫొటో తీసి పీడీఎఫ్ చేసి గ్రూపులో పడేసే రోజులు కావు.

ఇంగ్లండ్ నుంచి చైనాకి నేరుగా పోయే ఓడలు ఈస్టిండియా కంపెనీవి. మిషనరీలొస్తే వ్యాపారానికి గొడవని కంపెనీ ఎక్కించుకోలేదు. దాంతో మోరిసన్ 1807 జనవరి చివర బయల్దేరి ముందు అమెరికా వెళ్ళాడు. అక్కడ విదేశాంగ మంత్రి జేమ్స్ మాడిసన్ దగ్గర ఒక సిఫార్సు ఉత్తరం సంపాదించాడు. న్యూయార్క్‌లో ఇంకో ఓడెక్కి దాదాపు నాలుగు నెలలకి, సెప్టెంబర్ మొదట్లో, పోర్చుగీసు వాళ్ళ చేతిలో ఉన్న మకావు చేరి, అక్కణ్ణించి గ్వాంగ్‌జౌకి వచ్చాడు. ఇంగ్లిష్ వాళ్ళు ఆ ఊరిని కాంటన్ అనేవారు.

ఇక్కడ ఆ ఊరి రూల్స్ చెప్పాలి. మన హాస్టల్ రూల్స్ గురించి ఏడ్చేవాళ్ళు కాస్త ఓపికగా చదవండి. 1757 నుంచి యూరప్ వ్యాపారులకి చైనా మొత్తం మీద తెరిచిన రేవు ఇదొక్కటే. అదీ ఊళ్ళోకి కాదు. కోటగోడ బయట, పెర్ల్ నది ఒడ్డున పదమూడు ఫ్యాక్టరీలని వరసగా కట్టిన గిడ్డంగి ఇళ్ళు ఉండేవి. కింద సరుకు, పైన మనుషులు. ఆ వరస ముందు ఈ చివర నుంచి ఆ చివరకి నడిస్తే ఐదు నిమిషాలు పట్టదు. ఆర్‌కే బీచ్‌లో సబ్‌మెరైన్ దగ్గర మొదలెట్టి ఐదు నిమిషాలు నడిచి ఆగిపోండి. అదే మీ ప్రపంచం. గోడ దాటి ఊళ్ళోకి వెళ్ళకూడదు. పల్లకీ ఎక్కకూడదు. సరదాగా నదిలో పడవ నడపకూడదు. ఆయుధాలు ఉండకూడదు. ఆడవాళ్ళని తీసుకురాకూడదు, భార్యనైనా సరే. వ్యాపారం సీజన్ అయిపోగానే అందరూ మకావు వెళ్ళిపోవాలి. కొన్నాళ్ళకి దయతలిచి నెలకి మూడు రోజులు, 8, 18, 28 తేదీల్లో, నది అవతల తోటల్లో షికారుకి ఒప్పుకున్నారు. అదీ దుబాసీ వెంట ఉంటేనే.

సరుకులు కొనడానికి, వంటవాణ్ణి పెట్టుకోవడానికి, ఏ పనికైనా మధ్యలో ప్రభుత్వం ఒప్పుకున్న మనిషి ఉండాలి. మాటలు పిజిన్ ఇంగ్లిష్‌లో. అంటే ఇంగ్లిష్ ముక్కల్ని చైనీస్ పద్ధతిలో పేర్చిన ఒక బజారు భాష. దాంతో టీ కొనొచ్చు, పట్టు కొనొచ్చు, అంతకుమించి ఎవరి మనసులో ఏముందో ఎవరికీ తెలియదు. పాలకులకి కావలసిందీ అదే.

భాష నేర్పడం ఎంత ప్రమాదమో అందరికీ గుర్తుండిపోయిన కేసు ఒకటి ఉంది. 1759లో జేమ్స్ ఫ్లింట్ అనే కంపెనీ దుబాసీ, గ్వాంగ్‌జౌ అధికారుల మీద చైనీస్‌లో ఒక అర్జీ రాయించుకుని, ఉత్తరాదికి ఓడలో వెళ్ళి చక్రవర్తికి చేరేలా చేశాడు. ఫ్లింట్‌కి మకావులో మూడేళ్ళు జైలు. అర్జీ రాయడానికి సాయం చేసిన చైనా మనిషి తల నరికేశారు. తప్పు ఒకటే, శిక్ష చూడండి ఎంత తేడానో.

మోరిసన్ దిగింది ఇలాంటి ఊళ్ళో. పైగా బ్రిటిష్ మనిషై ఉండి కంపెనీ ఉద్యోగి కాదు కాబట్టి అక్కడ ఉండే హక్కే లేదు. అమెరికా వాళ్ళ ఫ్యాక్టరీలో కింది గదుల్లో అమెరికన్‌లా దాక్కుని బతికాడు. మొదట్లో చైనా బట్టలు వేసుకున్నాడు, జడ పెంచాడు, గోళ్ళు పెంచాడు, చాప్‌స్టిక్స్‌తో తిన్నాడు. కొన్నాళ్ళకే ఒళ్ళు పాడైంది. చైనా బట్టల్లో తెల్లమొహం ఇంకా ఎక్కువగా కనిపిస్తుందని కూడా అర్థమై అదంతా మానేశాడు. భాష మాత్రం మానలేదు. ఒంటరిగా చేసుకునే ప్రార్థన కూడా వచ్చీ రాని చైనీస్‌లోనే చేసేవాడట.

ఇప్పుడు లాటిన్ సంగతి. కంపెనీలో చైనీస్ వచ్చిన ఒకే ఒక్క పెద్ద ఉద్యోగి జార్జ్ స్టాంటన్ సాయంతో గురువులు దొరికారు. వాళ్ళలో యున్ అనే ఆయన పెకింగ్ నుంచి వచ్చిన కాథలిక్. ఆయనకి ఇంగ్లిష్ రాదు, మిషనరీల దగ్గర నేర్చుకున్న లాటిన్ వచ్చు. న్యూకాజిల్‌లో చెక్క చెక్కుతూ నేర్చుకున్న లాటిన్‌తో చైనీస్ పాఠం మొదలైంది.

గురువుల్లో ఒకాయన ఎప్పుడూ విషం వెంట పెట్టుకుని వచ్చేవాడు. అధికారులకి దొరికితే చిత్రహింసలు పడకుండా అక్కడే చనిపోవడానికి. నేను ఈ ఒక్క సంగతి దగ్గర చాలాసేపు ఆగిపోయాను. మోరిసన్ దొరికితే ఓడెక్కించి పంపేస్తారు, మహా అయితే ఫ్లింట్‌లా జైలు. ఆయనకి వెనకాల ఒక సంస్థ ఉంది, దేశం ఉంది, ఓ నమ్మకం ఉంది. ఈ మేష్టారికి ఉన్నది నెల జీతం, జేబులో విషం. అయినా మర్నాడు మళ్ళీ వచ్చి నిన్నటి పాఠం అడిగేవాడు కదా. జీవిత చరిత్రల్లో మోరిసన్ పట్టుదల గురించి పేజీలకు పేజీలుంటాయి, ఈ మేష్టారు రెండు లైన్లలో అయిపోతాడు.

1808లో ఇంగ్లిష్ వాళ్ళకీ చైనా అధికారులకీ గొడవై ఇంగ్లిష్ వాళ్ళంతా గ్వాంగ్‌జౌ వదలాల్సొచ్చింది. మోరిసన్ మకావు చేరాడు. అక్కడ మేరీ మార్టన్ అనే అమ్మాయితో 1809 ఫిబ్రవరి 20న పెళ్ళైంది. పెళ్ళిరోజే ఇంకో కబురు. ఓడలో చోటు కూడా ఇవ్వని కంపెనీయే ఏడాదికి 500 పౌండ్ల జీతంతో అనువాదకుడి ఉద్యోగం ఇచ్చింది. అప్పటికి రెండేళ్ళు కూడా నిండలేదు ఆయన వచ్చి. చైనీస్ రాసే మనిషి అంత కరువు మరి.

ఉద్యోగంతో గ్వాంగ్‌జౌలో ఉండే హక్కు వచ్చింది. కానీ భార్యకి రాలేదు. సీజన్ ఆరు నెలలూ ఆయన అక్కడ, ఆవిడ మకావులో. 1811 మార్చిలో మొదటి బిడ్డ పుట్టినరోజే పోయాడు. పేరు జేమ్స్. మకావులో ఒక కొండ మీద పాతిపెట్టారు. తర్వాత కూతురు రెబెకా, 1814లో కొడుకు జాన్ పుట్టారు. మేరీ ఆరోగ్యం బాగాలేక 1815లో పిల్లల్ని తీసుకుని ఇంగ్లండ్ వెళ్ళిపోయింది. ఐదేళ్ళు రాలేదు.

నిఘంటువులో చాలా భాగం ఈ ఒంటరి ఏళ్ళలోదే. సీఎస్ వాళ్ళు కాస్త దగ్గరికి రండి, ఇది మన సబ్జెక్టే. తెలుగు నిఘంటువుకి అకారాది ఉంది. చైనీస్‌కి అక్షరమాలే లేదు, వేల కొద్దీ గుర్తులు. మాట ఎలా పలకాలో తెలియకుండా దాన్ని ఎలా వెతకాలి? 1716లో కాంగ్‌షీ చక్రవర్తి పేరుతో వచ్చిన నిఘంటువు 214 మూల గుర్తులు పెట్టుకుంది. నది, సముద్రం, కన్నీరు, వీటన్నిటి అక్షరాల్లో నీటి గుర్తు ఒక పక్కన ఉంటుంది. ముందు ఆ మూలం పట్టుకో, తర్వాత మిగిలిన గీతలు లెక్కపెట్టు, ఆ వరసలో వెతుకు. డేటా స్ట్రక్చర్స్‌లో హ్యాష్ టేబుల్ చెప్పినప్పుడు బకెట్ అంటారే, అచ్చం అది. ఇవాళ మన ఫోన్‌లో ఉన్న యూనికోడ్‌లోనూ చైనీస్ అక్షరాల్లో ఎక్కువ భాగం ఆ 214 మూలాల వరసలోనే ఉంది.

మోరిసన్ మూడు దారులూ వేశాడు. మొదటి భాగం మూలాల ప్రకారం, కంటితో చూసిన అక్షరాన్ని వెతకడానికి. రెండోది ఉచ్చారణ ప్రకారం, చెవితో విన్నదాన్ని వెతకడానికి, 12 వేలకి పైగా అక్షరాలతో. మూడోది ఇంగ్లిష్ నుంచి చైనీస్‌కి. మొత్తం ఆరు సంపుటాలు, 1815 నుంచి 1823 వరకు మకావులో అచ్చైంది. ఒట్టి అర్థాలతో ఊరుకోలేదు. చదువు అనే అక్షరం దగ్గర చైనా బళ్ళ గురించి, వాళ్ళ పరీక్షల గురించి పేజీలు నింపేశాడు. అసైన్‌మెంట్‌లో వర్డ్ లిమిట్ దాటేసే మనిషి ఉంటాడు చూడండి, అలా.

అచ్చువేయడానికి పీటర్ థామ్స్ అనే ముద్రాపకుణ్ణి కంపెనీ ఇంగ్లండ్ నుంచి ప్రెస్సుతో సహా పంపింది. ఇంగ్లిష్ టైపులు తెచ్చుకోవచ్చు. చైనీస్ టైపులు ఎక్కడున్నాయి? ఒక్కో అక్షరాన్నీ లోహపు దిమ్మ మీద చేత్తో చెక్కాల్సిందే. చెక్కింది చైనా పనివాళ్ళు, మళ్ళీ అదే భయం మధ్య. ఖర్చు దాదాపు 12,000 పౌండ్లు, కంపెనీ భరించింది.

మత ప్రచారం లెక్క చూస్తే చాలా చిన్నది. వచ్చిన ఏడేళ్ళకి, 1814లో, త్సాయ్ గావ్ అనే అచ్చుపని చేసే మనిషి ఆయన దగ్గర మొదటిసారి బాప్తిస్మం తీసుకున్నాడు. నాలుగేళ్ళకి ఆ మనిషి చనిపోయాడు. సాయానికొచ్చిన విలియం మిల్న్‌ని మకావులో ఉండనివ్వకపోతే ఆయన మలక్కా వెళ్ళి బడి, ప్రెస్సు పెట్టాడు. అక్కడ పనిచేసిన లియాంగ్ ఫా అనే అచ్చు కార్మికుడు 1819లో సొంతూరొచ్చి ఒక చిన్న పుస్తకం అచ్చువేస్తే పట్టుకుని వెదురు బెత్తాలతో కొట్టారు. ఇక్కడా దెబ్బలు పడింది ఎవరికో గమనించారా? మిల్న్, మోరిసన్ కలిసి చేసిన మొత్తం బైబిల్ అనువాదం 1823లో మలక్కాలో అచ్చైంది. అది చూడకుండానే ముందు ఏడాది మిల్న్ పోయాడు.

మేరీ 1820లో పిల్లలతో తిరిగొచ్చింది. ఏడాది కూడా కలిసి ఉండలేదు. 1821 జూన్ 10న కలరాతో, కడుపులో బిడ్డతో, మకావులో చనిపోయింది. కొండ మీద జేమ్స్ పక్కన పూడుద్దామని మోరిసన్ అనుకున్నాడు. ఆ సమాధి తవ్వడానికి అక్కడి చైనా వాళ్ళు ఒప్పుకోలేదు. ఊళ్ళో ఉన్న స్మశానం కాథలిక్కులది, వాళ్ళు ప్రొటెస్టెంట్లని రానివ్వరు. పద్నాలుగేళ్ళు ఆ దేశం భాష కోసం బతికిన మనిషికి, ఆ పూట భార్యని పూడ్చడానికి ఆరడుగుల నేల లేదు. చైనా మాటలన్నీ వచ్చు, ఏ మాటా పనిచేయలేదు. చివరికి కంపెనీ వాళ్ళు కొంత స్థలం కొన్నారు. మకావు పాత ప్రొటెస్టెంట్ స్మశానం అలా మొదలైంది, మేరీతోనే.

1824లో ఇంగ్లండ్ వెళ్ళాడు. రాజుని కలిశాడు, రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు, మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. వెంట దాదాపు పదివేల చైనీస్ పుస్తకాలు తీసుకెళ్ళాడు. 1826కల్లా మళ్ళీ చైనాలో ఉన్నాడు.

ఒక సంగతి దాటేస్తే బాగోదు. ఆయన జీతం ఇచ్చిన కంపెనీ చైనా టీ కొనడానికి డబ్బు ఎక్కణ్ణించి తెచ్చేది? బీహార్ వైపు రైతులతో పండించిన నల్లమందు నుంచి. కలకత్తాలో వేలం వేస్తే వేరే వ్యాపారులు కొని దొంగతనంగా చైనాలో దించేవారు. అదే కంపెనీ అప్పుడు మన విశాఖపట్నాన్నీ ఏలుతోంది. మోరిసన్ ఒక మంచి మనిషని నాకు అనిపిస్తుంది. కానీ ఆ నిఘంటువులో ప్రతి పేజీకీ కాగితం ఖర్చు ఎవరిదో కూడా అనిపిస్తుంది. ఆయన కొడుకు జాన్ తండ్రిలాగే చైనీస్ నేర్చుకుని, నల్లమందు యుద్ధంలో బ్రిటిష్ వాళ్ళ దుబాసీ అయ్యాడు. 1842 నాన్‌కింగ్ సంధిలోనూ ఆయన ఉన్నాడు. మర్నాటి ఏడాదే, ముప్ఫై నిండకుండా పోయాడు.

1834లో చైనా వ్యాపారం మీద కంపెనీ గుత్తాధిపత్యం పోయింది. మోరిసన్ ఉద్యోగమూ పోయినట్టే. కొత్తగా వచ్చిన బ్రిటిష్ ప్రభుత్వ ప్రతినిధి లార్డ్ నేపియర్ ఆయన్నే దుబాసీగా తీసుకున్నాడు. ఇకనుంచి పాస్టర్ బట్టలు కాదు, రాజుగారి బొత్తాలున్న కోటు వేసుకోమన్నారు. అప్పటికే ఒళ్ళు బాగాలేదు. మకావు నుంచి గ్వాంగ్‌జౌకి పడవలో ఎండకీ వానకీ తడిసి ఎండి చేరాడు. 1834 ఆగస్టు 1న, యాభై రెండేళ్ళకి, ఆ ఫ్యాక్టరీల్లోనే కొడుకు చేతుల్లో చనిపోయాడు. ఇరవై ఏడేళ్ళ క్రితం ఎక్కడ దాక్కున్నాడో దాదాపు అక్కడే. మకావు తీసుకెళ్ళి మేరీ పక్కన పూడ్చారు. తర్వాత జాన్‌నీ అక్కడే. ఆ స్మశానం ఇప్పుడు యునెస్కో జాబితాలో ఉంది.

మన బ్రౌన్ దొర 1820లో కడప వచ్చి తెలుగు నేర్చుకున్నాడని, 1852లో నిఘంటువు తెచ్చాడని స్కూల్లో చదివాం. ఆయన పండితుల్ని జీతాలిచ్చి ఇంట్లో పెట్టుకుని పనిచేయించుకున్నాడు. వాళ్ళెవరికీ జేబులో విషం అవసరం రాలేదు. నేను ఇంగ్లిష్ మీడియం. టెన్త్ వరకు తెలుగు సెకండ్ లాంగ్వేజ్, మార్కుల కోసం చదివాను. ఈ వ్యాసంలో ఒత్తులు మా అమ్మ దిద్దింది.

ఇదంతా మొన్న అన్నయ్యకి ఫోన్‌లో చెప్పాను. ఎప్పుడూ మధ్యలో కట్ చేసేవాడు, అంతా విన్నాడు. విషం తెచ్చుకునే మేష్టారి గురించి రెండుసార్లు అడిగాడు. అప్పుడు బయటపెట్టాడు, వాళ్ళ చైనీస్ టీచర్ సాయంత్రాలు ఫ్రీగా చెప్తాను రమ్మంటే ఇన్నాళ్ళూ ఎగ్గొడుతున్నాడట. డిసెంబర్‌లో మళ్ళీ పరీక్ష. ఊరి నుంచి వెళ్ళే ఫ్రెండ్ చేత పెద్దమ్మ ఆవకాయ పంపిస్తోంది. ఈసారి రెండు సీసాలు కట్టింది, చిన్నది ఆ టీచర్‌గారికి.